ఒరలో నిలవని కత్తి, కాలిఫోర్నియా క్యాంపింగ్

బ్లేడ్ బ్రహ్మాండంగా వచ్చింది. 1084 రకం కార్బన్ ఉక్కు, పొడవు 5.25 అంగుళాలు, మందం 4 మి.మీ., ఎక్కడా వంకర లేదు. ప్రాణం తీస్తున్నదల్లా ఒరే.

పొడవు అక్కడ ఆపింది టెక్సస్ చట్టం కోసం. 2017 సెప్టెంబరు నుంచి ఇక్కడ 5.5 అంగుళాలు దాటిన కత్తి కూడా పెద్దవాళ్ళు పెట్టుకోవచ్చు, కానీ బడి, బార్, ఆసుపత్రి, గుడి లాంటి చోట్లకి తేకూడదు. పదును లేని భాగం కూడా కలిపి కొలిచి పావంగుళం తగ్గించాను.

వచ్చే నెల కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో బావ వాళ్ళతో క్యాంపింగ్. అక్కడ అసలు గొడవ కత్తి కనపడకుండా పెట్టుకోవడం. మడవని కత్తి బట్టల కింద ఉంటే డాగర్ (బాకు) దాచినట్టు కేసు పెట్టొచ్చు, అదే నడుముకి వేలాడే ఒరలో పైకి కనపడుతుంటే దాచినట్టు కాదని చట్టమే చెప్తుంది. లాస్ ఏంజెలెస్‌లో మాత్రం 3 అంగుళాలు, ఆపైన ఉన్నది పైకి కనపడేలా పెట్టుకోకూడదు, క్యాంపింగ్ లాంటివాటికి మినహాయింపు ఉందనుకోండి. టెక్సస్ 2015లోనే కత్తుల మీద ఊరికో రూలు లేకుండా చేసింది, అదే సరైన పద్ధతి.

బయటికి వేలాడాలంటే ఒర గట్టిగా పట్టాలి కదా, ఇది పట్టదు. 0.08 అంగుళాల కైడెక్స్ (వేడి చేస్తే మెత్తబడే గట్టి ప్లాస్టిక్ షీట్), కత్తి మీద వేసి ఫోమ్ పలకల మధ్య నొక్కే ప్రెస్‌లో పూర్తిగా చల్లారేదాకా ఉంచాను. కత్తి టక్కున లోపల కూర్చుంటుంది, తలకిందులు చేసి రెండుసార్లు ఊపితే జారిపోతుంది. రివెట్‌ని పిడికి 12 మి.మీ. దూరం నుంచి 6కి జరిపితే పొద్దున బిగుతుగా ఉంది, మధ్యాహ్నం గరాజ్ వేడికి మళ్ళీ వదులు. హీట్ గన్‌తో వేడి చేసి ఒర నోటి దగ్గర నొక్కితే బ్లేడ్ మీద సన్నటి గీతలు, లోపల గ్రైండింగ్ పొడి ఇరుక్కుందేమో. 0.06 షీట్ ఈ సైజుకి దండగ, వంగిపోతుంది. నా అనుమానమంతా పిడి ముందంచు మీదే, అది నున్నగా 45 డిగ్రీల వాలుతో ఉంది, కైడెక్స్ పట్టుకోడానికి మెట్టు లేదు. స్వీడన్ వాళ్ళ మోరా కత్తి ఒర చూడండి, చవక ప్లాస్టిక్కే, అయినా పిడిని కరుచుకుని ఉంటుంది. తోలు ఒర వాడమంటారు గానీ, తడిసిన తోలులో 1084 తుప్పు పట్టేస్తుంది.

ఈ వారం మికార్టా (రెసిన్‌తో గట్టిపరిచిన గుడ్డ పొరల) పిడి మార్చి, ముందంచులో 1.5 మి.మీ. మెట్టు తీస్తాను. ఆ తర్వాత అమలాపురంలో నాన్నకి కొబ్బరి కత్తి. ఇండియాలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే ఆయుధాల జాబితాలోకి వస్తుంది, ఇంటికీ వ్యవసాయానికీ చేసిన పనిముట్లకి మినహాయింపు. కాబట్టి వెడల్పు 3 అంగుళాలు పెట్టేస్తా, బ్లేడ్‌కి మందంగా చుట్టి చెకిన్ సామాన్లో వేయాలి.