ఆరని ఎర్ర దీపం

ఇంజన్ ఎంత రేజ్ చేసినా డాష్‌బోర్డులోని బ్యాటరీ ఛార్జ్ కావడం లేదని చెప్పే ఎర్ర దీపం ఆరలేదు. ఆటోనగర్ షెడ్డులో మా పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి ఉదయం నుంచి నేను బిగించిన వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయని అప్పటిదాకా గట్టిగా నమ్మాను.

మేస్త్రీ గారు బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో మీది రెండు వైర్లనూ విప్పి, డి (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (లోపలి అయస్కాంత చుట్టలకు వెళ్ళేది) టెర్మినళ్లను చిన్న రాగి తీగతో కలిపి, అక్కడినుంచి బాడీకి మీటరు పెట్టి, మళ్ళీ రేజ్ చేయమన్నారు. ముల్లు కదలలేదు.

"దీనికి తన ధ్రువం గుర్తులేదు బాబూ" అంటూ ఇంజన్ ఆపించి, రాగి తీగ తీసేసి, బ్యాటరీ నుంచి తెచ్చిన లైవ్ వైరును ఎఫ్‌కు రెండు సార్లు తాకించారు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది.

ఈ డైనమోలో శాశ్వత అయస్కాంతం ఉండదనీ, లోపలి ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతత్వంతోనే అది కరెంటు పుట్టించడం మొదలుపెడుతుందనీ చదివాను గానీ, ఆ రవ్వను చూశాకే అది నాకు నిజంగా అర్థమైంది. ఈ డైనమోను ఏళ్ల తరబడి అటక మీద పడేసి ఆ కాస్త అయస్కాంతత్వాన్నీ పోగొట్టింది మరెవరో కాదు, నేనే.

వైర్లు తిరిగి బిగించి స్టార్ట్ చేయగానే రెగ్యులేటరు పెట్టెలో, డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్ స్విచ్ టక్కున అతుక్కుంది, దీపం ఆరింది. ఆ ఉత్సాహంలో పెట్టె మూత తీసి స్క్రూ తిప్పబోతే మాత్రం మేస్త్రీ గారు నా చేతి మీద ఒక్కటి వేశారు.