బ్లాంకులో ఎసిటిక్ ఆమ్లం

ఈ రోజు పొద్దున మొదటి రన్‌గా, నమూనా లేని బ్లాంకుగా, వట్టి డీఅయొనైజ్డ్ నీటిని జీసీకి (ద్రవాన్ని ఆవిరి చేసి అందులోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి) ఎక్కిస్తే, ఎసిటిక్ ఆమ్లం రావలసిన చోట తోక సాగిన పీక్ ఒకటి తాపీగా లేచింది. "నీళ్లలో వెనిగర్ ఎక్కడిది సార్?" అని మా జూనియర్ అడిగాడు. నవ్వు వచ్చింది గానీ, నిన్న నేను సంతకం పెట్టి పంపిన బయోగ్యాస్ డైజెస్టర్ ఫలితాలు గుర్తుకు రాగానే ఆ నవ్వు ఆగిపోయింది.

ముందు సిరంజిని అనుమానించాను. అయితే అందులో పాత నమూనా మిగిలి ఉంటే ఎసిటిక్‌తో పాటు ఇథనాల్ కూడా కనిపించాలి. ఇథనాల్ చోట బేస్‌లైన్ చదునుగా ఉంది. అంటే ఆల్కహాలును వదిలేసి ఆమ్లాలను మాత్రమే పట్టి ఉంచుకునేది దారిలో ఏదో ఉందన్నమాట. ఆవిరిని విడదీసే సన్నటి గొట్టం, అంటే మా ఎఫ్‌ఎఫ్‌ఎపి కాలమ్, ఇలాంటి ఆమ్లాల కోసమే తయారైనది కనుక దాని కొస కోయడానికి మనసొప్పలేదు. పట్టి ఉన్న ఆమ్లం కదులుతుందేమోనని ఒక శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీటిని ఎక్కించి చూశాను. ఫార్మిక్ ఆమ్లం ఎఫ్‌ఐడీకి (కాలమ్ చివర మంటతో గుర్తించే డిటెక్టరుకు) దాదాపు కనిపించదు, కాబట్టి వచ్చిన పీక్ దానిది కాదు. ఎసిటిక్ తగ్గకపోగా మూడింతలైంది. వెనకే ప్రొపియోనిక్, బ్యుటిరిక్ కూడా వచ్చాయి.

అప్పుడు నమూనాల పుస్తకం తెరిచాను. మొన్నటి బ్యాచ్‌కు ఎదురుగా పీహెచ్ గడి ఖాళీగా ఉంది, ఆ చేతిరాత నాదే. డైజెస్టర్ నీటి పీహెచ్ 7 దగ్గర ఉంటుంది; ఎసిటిక్ ఆమ్లపు పీకేఏ (ఆమ్లం సగం ఎసిటేటుగా మారే పీహెచ్) 4.76 కనుక, అక్కడ అది నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా ఎసిటేటుగా ఉంటుంది, ఆ లవణం ఇంజెక్టరు 250 డిగ్రీల వేడిలో ఉన్నా ఆవిరై కాలమ్‌లోకి పోదు. పీహెచ్‌ను 2–3కు దించకుండా ఎక్కించిన ఆ నమూనాల ఆమ్లం చాలావరకు ఇంజెక్టరు లోపలి గాజు గొట్టమైన లైనరులోనే మిగిలిపోయింది; నిన్నటి ఆమ్లీకరించిన నమూనాలు దాన్ని కదిలించి తమ లెక్కలో కలుపుకున్నాయి. మొన్నటి అంకెలు తక్కువ, నిన్నటివి ఎక్కువ.

ఇంజెక్టరు చల్లారాక లైనరు తీస్తే, అందులోని గ్లాస్ వూల్ (గాజు దూది) టీ వడపోసిన గుడ్డలా గోధుమరంగుకు తిరిగి, అంచున తెల్లటి ఉప్పు కట్టి ఉంది. పనిలో పనిగా పాత పొరపాటు ఒకటి దిద్దాను. ఒక మైక్రోలీటరు నీరు ఆ వేడిలో, 10 పీఎస్‌ఐ ఒత్తిడిలో సుమారు 1.4 మిల్లీలీటర్ల ఆవిరి అవుతుంది. మా 4 మిల్లీమీటర్ల లైనరులో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు, మిగిలినది సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) వైపుకూ గ్యాసు గొట్టాల్లోకీ ఎగదన్నుతుంది. ఇంజెక్షన్‌ను అర మైక్రోలీటరుకు తగ్గించాను.

కొత్త లైనరు, కొత్త సెప్టమ్ వేశాక ఫార్మిక్ బ్లాంకు మూడుసార్లు నడిపాను. మొదటిసారి చిన్న బుడిపె, మూడోసారి ఏమీ లేదు. రెండు బ్యాచ్‌ల ఆమ్లాల అంకెలూ కొట్టేశాను. ఇంజెక్షన్ పరిమాణం మారింది కనుక ఇథనాల్‌నూ వాటితో పాటే మళ్లీ చూడక తప్పదు. ఫలితాలు అందుకున్నవారికి ఫోన్ చేసి చెప్పాను. సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, పీహెచ్ గడి నింపాకే రేపు వాటి మూత తీస్తాను.