చిన్న బేరిపండ్లకు లేత పాకమే మేలు

సెప్టెంబరు వచ్చిందంటే నా ధ్యాసంతా సెకెల్ బేరిపండ్ల మీదే. ఇక్కడ అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది వెంబడి తూర్పుగా గంటకు పైగా వెళితే హుడ్ రివర్ లోయ వస్తుంది. మౌంట్ హుడ్ పర్వతం కింద ఎటు చూసినా ఆపిల్, బేరి తోటలే. అక్కడి పండ్ల దుకాణాల్లో బార్ట్‌లెట్, ఆంజూ వంటి పెద్ద రకాలదే రాజ్యం. సెకెల్ పండ్లు ఏదో మూల బుట్టలో ఉంటాయి, వెతుక్కోవాలి. ఫిలడెల్ఫియా దగ్గర పుట్టిన పాత రకమిది. మన నిమ్మకాయకన్నా కాస్త పెద్దగా, ముదురాకుపచ్చ మీద ఇటుక రంగు ఎరుపుతో ఉంటుంది. తీపిలో మాత్రం పెద్ద పండ్లేవీ దీనికి సాటి రావు.

బేరిపండును చెట్టు మీదే ముగ్గనిస్తే లోపలినుంచి మెత్తబడి పాడవుతుంది. అందుకే గట్టిగా ఉండగానే కోసి, తర్వాత ముగ్గబెడతారు. తొడిమ పక్కన వేలితో నొక్కినప్పుడు కాస్త లొంగితే తినడానికి సిద్ధమన్నమాట. పాకంలో ఉడికించాలంటే అంతదాకా ఆగకూడదు. లొంగీ లొంగనట్టున్న పండే కావాలి.

ఈసారి మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి పదును చెప్పే మనిషి. నా గిన్నెలోకి తొంగి చూసి, "ఇది పాకమా, పానకమా అమ్మాయీ? ఇంకాస్త ముదరనివ్వు" అన్నారు.

"ముదిరితే పండు ముడుచుకుపోతుంది అత్తయ్యా" అన్నాను.

నిజంగానే అంతే. చిక్కటి పాకం పండులోని నీటిని బయటికి లాగేస్తుంది. పండు గట్టిపడి, తీపి పైపైనే ఉండిపోతుంది. పల్చటి పాకమైతే నెమ్మదిగా లోపలికి దిగుతుంది. కిలో పండ్లకు నేను లీటరు నీళ్లు, 350 గ్రాముల పంచదార తీసుకుంటాను. అందులో చిన్న దాల్చినచెక్క ముక్క, చితక్కొట్టిన ఏలక్కాయలు ఆరు, మిరియాలు పది, రెండు అల్లం ముక్కలు, తెల్లభాగం రాకుండా తీసిన నిమ్మతొక్క వేస్తాను. లవంగాలు రెండే. అంతకు మించితే పంటినొప్పి మందు వాసన వస్తుంది. ఏలకుల పొడి వేయకండి, పాకం మసకబారుతుంది.

చెక్కు తీయడమే ఓపిక పని. తొడిమ ఊడకూడదు. దాన్ని పట్టుకుని పైనుంచి కిందికి సన్నగా తీయాలి. తడి పండు వేళ్లలో జారిపోతూనే ఉంటుంది, రెండు నిమిషాల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని చెక్కు తీసిన ప్రతి పండునూ వెంటనే నిమ్మరసం పిండిన నీళ్లలో వేస్తాను. అడుగున ఎండిన పూమొనను చాకు కొసతో తవ్వేస్తే చాలు.

తర్వాత మంట బాగా తగ్గించాలి. పాకం తెర్లకూడదు, అక్కడక్కడ ఒక్కో బుడగ లేస్తే సరిపోతుంది. పండ్లు పైకి తేలతాయి కాబట్టి గిన్నె కొలతకు గుండ్రంగా కత్తిరించిన బేకింగ్ కాగితం వాటి మీద పరుస్తాను. పావుగంట దాటాక చూస్తే సన్నటి మెడ దగ్గర తెలుపు పోయి, వెలుతురు ఆనేలా దంతపు రంగు వస్తుంది. పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. పండు గట్టిదనాన్ని బట్టి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పట్టవచ్చు. పొయ్యి కట్టేశాక పాకంలోనే చల్లారనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ రాత్రి గడిస్తేనే ఏలకుల వాసన గింజల దాకా పడుతుంది. వండిన పూటే తింటే ఉడికిన పండు తిన్నట్టే ఉంటుంది, అంతే.

మర్నాడు పండ్లు తీసేసి, కొంత పాకాన్ని సగానికి మరిగించాను. అత్తయ్య కోరిన పదును అప్పుడొచ్చింది. గట్టి పెరుగులో పండు పెట్టి పైన అది పోసిస్తే, తొడిమ పట్టుకుని కొరికి, "మిరియం బాగుంది" అన్నారు. మిగిలిన పల్చటి పాకంలో నిమ్మరసం, చన్నీళ్లు కలిపి ఇస్తే అది ఇంకా నచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి అదే అడుగుతున్నారు. వచ్చే వారం మళ్లీ చేస్తాను. ఈసారి నీళ్లూ పంచదారా రెండూ ఒకటిన్నర రెట్లు.