నా పాట నా పేరు మీదే ఉంది

నటించే అమ్మాయి తన పాట తానే రాసుకుని పాడుతుందంటే వినేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. సంతకాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పనులన్నిటికీ కలిపి ఒకటే కాగితం చేతిలో పెడతారు. నాకూ అలాగే పెట్టారు. దాని మీద సంతకం పెట్టకుండా పాటని ఎలా బయటికి తెచ్చుకున్నానో రాస్తున్నాను. మన వైపు అమ్మాయిలు చాలామంది షార్ట్ ఫిల్ముల్లో చేస్తున్నారు, సొంతంగా బాణీలు కడుతున్నారు. వాళ్లకి పనికొస్తుంది.

మాది విజయనగరం. మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. 1919లో మొదలైన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్న చోట సరళీ స్వరాలు పాడుతున్నామంటే ఆ గర్వమే వేరు. డిగ్రీలో ఉండగా నాటకాలు, ఆ తర్వాత షార్ట్ ఫిల్ములు.

పాట పుట్టింది కళింగపట్నం షూటింగులో. చేపల వేటకని గుజరాత్ వెళ్లినవాడి భార్య పాత్ర నాది. సిక్కోలు తీరం నుంచి ఎంతోమంది వెరావల్ వెళ్లి నెలల తరబడి అక్కడి బోట్ల మీదే ఉంటారు. వంశధార సముద్రంలో కలిసే వైపు షాట్ కోసం ఎదురుచూస్తుంటే, వల బాగు చేసుకుంటున్న ఒకావిడ పక్కన కూర్చున్నాను. "మీ ఆయన ఫోన్ చేస్తుంటాడా అమ్మా?" అని అడిగాను. "సిగ్నలుంటే సేస్తాడు. నేకపోతే నానే మాటాడుకుంతాను" అంది, చేతిలో దారం ఆపకుండానే. ఇంటికొచ్చే బస్సులోనే పల్లవి వచ్చేసింది. బాణీ ఫోన్‌లో కూనిరాగంగా పాడి దాచుకున్నాను.

షార్ట్ ఫిల్మ్ వాళ్లకి పాట బాగా నచ్చింది. ఒప్పందం పంపారు. సాహిత్యం, బాణీ, గొంతు, అన్నీ శాశ్వతంగా, ప్రపంచమంతటా వాళ్లవే. నటనకి ఇచ్చే డబ్బులోనే పాట కూడా. "ఇండస్ట్రీలో అందరూ ఇలాగే ఇస్తారు చెల్లెమ్మా" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత్ర పోతుందేమోనన్న టెన్షన్ ఒకవైపు, వల పట్టుకున్న ఆ చేతులు ఒకవైపు.

నాన్నకి తెలిసిన ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితం అంతా చదివి, "తల్లీ, ముందు దీన్ని ముక్కలుగా విడదీసి చూడు" అన్నారు. మన కాపీరైట్ చట్టం, అంటే 1957 నాటిది, పాట మాటల్ని సాహిత్య రచనగా, బాణీని సంగీత రచనగా వేర్వేరుగా చూస్తుంది. రికార్డింగు ఇంకొకటి. పాడినవాళ్ల హక్కు మరొకటి. హక్కులు రాసివ్వాలంటే కాగితం మీదే రాసివ్వాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లే, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. అన్నిటికన్నా నాకు ధైర్యమిచ్చింది 2012 సవరణ. సినిమాలో వాడిన పాట, సినిమాతోపాటు హాల్లో ఆడటం కాక వేరే రకంగా వాడకంలోకి వస్తే, అలా వాడుకున్నందుకు వచ్చే రాయల్టీ డబ్బులో హక్కులు రాయించుకున్నవాళ్లతో సమానంగా రచయితకీ స్వరకర్తకీ వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటామని మనం సంతకం పెట్టినా చెల్లదు. ఇది మన జిల్లాల్లో పాట కట్టే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణమే హక్కు మనది. అయినా చేయించుకున్నాను. రేపు ఎవరైనా మాదే అంటే చూపించడానికి ఒక కాగితం ఉండాలి కదా. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పద్నాలుగో నంబరు ఫారం ఉంటుంది. సాహిత్యానికి ఒకటి, బాణీకి ఒకటి. ఒక్కోదానికి ఫీజు 500 రూపాయలు. కట్టగానే దరఖాస్తుకి గుర్తుగా డైరీ నంబరు వస్తుంది. అభ్యంతరాలు వస్తాయేమోనని 30 రోజులు ఆగి, ఆ తర్వాతే దరఖాస్తు పరిశీలనకి తీసుకుంటారు. సర్టిఫికెట్ వెంటనే రాదు. దాని కోసం రికార్డింగు ఆపుకోనక్కర్లేదు.

రికార్డింగు మా ఇంట్లోనే. బీరువా ఉన్న గదిలో కిటికీకీ తలుపుకీ అమ్మమ్మ కుట్టిన బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, వీధిలో ఆటోలు తగ్గాక పాడాను. చరణం మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు ఉండిపోయింది. మిక్సింగ్ చేసిన అన్న తీసేస్తానన్నాడు, నేనే ఉంచమన్నాను. ఆ పాత్ర అక్కడ ఊపిరి పీల్చుకోవాలి.

పాటని మ్యూజిక్ యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో గాయని, రచయిత, స్వరకర్త అని వేర్వేరు గడులు ఉంటాయి. మూడింట్లోనూ నా పేరు టైప్ చేస్తుంటే చేతులు వణికాయి. అన్నిచోట్లా పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి, లేకపోతే లెక్కలు వేరే ఖాతాకి పోవచ్చు. పాటకి ఐఎస్ఆర్‌సీ అని పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఇస్తారు, అది దాచుకోవాలి. రచయితగా, స్వరకర్తగా రాయల్టీ కోసం, దాన్ని వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాను.

షార్ట్ ఫిల్మ్ వాళ్లతో చివరికి మాట కుదిరింది. ఆ ఒక్క ఫిల్ముకి వాడుకోవడానికి మాత్రమే అనుమతి, నటనకి వేరే కాగితం. పాత్రా పోలేదు.

ఇప్పుడు రెండో పాట మీద ఉన్నాను. ఇందులో తప్పెటగుళ్ల దరువు కావాలి. బొబ్బిలి వైపు బృందంలో ఒక పెద్దాయనతో కూర్చుని బాణీ కడుతున్నాం. బాణీలో ఆయనకి సగం, నాకు సగం. రికార్డింగు కన్నా ముందే అది రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం.