గిట్‌హబ్ సెట్టింగులు టెర్రాఫామ్‌లోకి: ప్లాన్ సున్నా చూపేదాకా అప్లై జోలికి పోవద్దు

గిట్‌హబ్‌లో పది రిపోలు (రిపో అంటే ఒక ప్రాజెక్టు కోడూ, దాని చరిత్రా ఉండే చోటు) ఉన్నంత వరకు సెట్టింగ్స్ పేజీలో టిక్కులు పెట్టుకుంటూ బండి నడిపేయొచ్చు. నలభై దాటితే ఆ పప్పులు ఉడకవు. ఏ రిపోలో మెయిన్ బ్రాంచికి (అసలు కోడ్ ఉండే శాఖకి) రక్షణ ఉంది, ఎక్కడ స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నీ ఒకటిగా నొక్కి కలపడం) ఒక్కటే అనుమతించాం, ఎప్పుడో పని ముగించి వెళ్లిపోయిన కాంట్రాక్టరుకి ఇంకా ఎక్కడెక్కడ హక్కులున్నాయి అని అడిగితే జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అర్జెంటు ఫిక్స్ కోసం ఎవరో అర్ధరాత్రి బ్రాంచి రక్షణ తీస్తారు, పొద్దున్నే తిరిగి పెట్టడం మరిచిపోతారు. ఆడిట్ లాగ్‌లో ఎవరు తీశారో దొరుకుతుంది, ఎందుకు తీశారో దొరకదు. సెట్టింగులను ఫైళ్లలో రాసి గిట్‌లో పెట్టుకుంటే ప్రతి మార్పుకీ ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలపండి అనే అభ్యర్థన), ఒక కారణం, ఒక ఆమోదం మిగులుతాయి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో మెర్జ్ బటన్లు, లేబుళ్లు, బ్రాంచి రక్షణ అన్నీ రిపోలోని ‘.ఏఎస్ఎఫ్.యామల్’ అనే చిన్న ఫైల్లో ఉంటాయి (యామల్ అంటే స్పేసులతో వరుసలు పేర్చి సెట్టింగులు రాసే పద్ధతి). ఎక్లిప్స్ వాళ్లకి ఇదే పనికి ఆటర్‌డాగ్ ఉంది. కుబెర్నెటీస్ వాళ్లు సభ్యులనూ టీములనూ పెరిబొలోస్ అనే పనిముట్టుతో నడుపుతారు. అందులో నాకు బాగా నచ్చిన కంచె ఒకటుంది: ఒక్క మార్పుతో నాలుగో వంతు కంటే ఎక్కువ మంది తొలగిపోయేలా ఉంటే, వేరే చెప్పనంత వరకు అది పని ఆపేస్తుంది. యామల్‌లో రెండు స్పేసులు తప్పితే ఎంత నష్టమో తెలిసినవాళ్లు పెట్టిన కంచె అది.

సంస్థ చిన్నదైతే ప్రోబాట్ (గిట్‌హబ్ యాప్‌లు రాసుకునే చట్రం) మీద నడిచే సెట్టింగ్స్ యాప్ చాలనిపిస్తుంది. రిపోలోనే సెట్టింగ్స్ ఫైలు పెడితే అది చదివి అమలు చేస్తుంది. చిక్కల్లా అక్కడే: ఆ ఫైలు మార్చగలిగిన ప్రతివాడూ అడ్మినే అయిపోతాడు. పుష్ హక్కున్న మనిషి తన పేరు పక్కన ‘అడ్మిన్’ అని రాసి మెర్జ్ చేసుకుంటే యాప్ మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. ఆ ఫైలుకి కోడ్‌ఓనర్స్ (ఏ ఫైలు మార్పుని ఎవరు ఆమోదించాలో చెప్పే జాబితా) కాపలా పెట్టకుండా దీన్ని వాడొద్దు. గిట్‌హబ్ వాళ్ల సేఫ్-సెట్టింగ్స్ ఇందుకే అన్నిటినీ ఒకే అడ్మిన్ రిపోలో ఉంచుతుంది. నా ఓటు మాత్రం టెర్రాఫామ్‌కే. కావాల్సిన సెట్టింగులు కోడ్‌గా రాస్తే, ఉన్నదానితో పోల్చి తేడా చూపడం దాని ‘ప్లాన్’, ఆ తేడాను అమలు చేయడం ‘అప్లై’. అమలు కాకముందే ఏం మారబోతోందో ప్లాన్‌లో వరుసగా చూపిస్తుంది, ఈ పనిలో అంతకంటే విలువైనది లేదు.

ఇక్కడ నుంచి టెర్రాఫామ్ పేర్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నా. కోడ్‌లో అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఉంటాయి.

ప్రొవైడర్ (టెర్రాఫామ్‌ను గిట్‌హబ్‌తో మాట్లాడించే ప్లగిన్) సోర్స్ ‘ఇంటిగ్రేషన్స్/గిట్‌హబ్’. మాడ్యూళ్లు (మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్కలు) వాడుతుంటే ప్రతి మాడ్యూల్‌లోనూ ఈ సోర్స్ రాయాలి. రాయకపోతే టెర్రాఫామ్ తన అలవాటు ప్రకారం ‘హాషికార్ప్/గిట్‌హబ్’ కోసం వెతుకుతుంది. అప్పుడు ఇనిట్‌లో (మొదట అన్నీ సిద్ధం చేసే కమాండ్‌లో) రెండు ప్రొవైడర్లు దిగుతాయి, రెండోదానికి టోకెన్ (లాగిన్ తాళంచెవి) ఉండదు. అన్నీ సరిగ్గానే ఉన్నా లాగిన్ తప్పిదం వస్తోందంటే ముందు ఇది చూడండి.

రిపోకి ఒక యామల్ ఫైలు చొప్పున ఒక ఫోల్డర్లో పెట్టి, ‘ఫైల్‌సెట్’తో అన్నిటినీ ఏరి, ‘యామల్‌డీకోడ్’తో చదివి, ‘ఫర్_ఈచ్’కి (జాబితాలో ఒక్కోదానికీ ఒక్కో రిసోర్స్ తయారుచేసే మాటకి) అందించడం అన్నిటికంటే సుఖమైన అమరిక. కొత్త రిపో కావాలన్నవాళ్లు టెర్రాఫామ్ నేర్చుకోనక్కర్లేదు, ఫైలు ఒకటి కాపీ చేసి మార్చుకుంటారు:

నేమ్: పేమెంట్స్-ఏపీఐ
విజిబిలిటీ: ప్రైవేట్
టీమ్స్:
  బ్యాకెండ్: పుష్
  క్యూఏ: ట్రయాజ్
చెక్స్: [సీఐ-ఓకే]

టీముల హక్కులకు స్క్రీన్ మీద ‘రీడ్’, ‘రైట్’ అని కనిపిస్తుంది గానీ ఇక్కడ ‘పుల్’, ‘పుష్’ అని రాయాలి. ట్రయాజ్, మెయింటైన్, అడ్మిన్ మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇందులో ‘నేమ్’ వరుస ఎందుకు, ఫైలు పేరే రిపో పేరుగా సరిపోదా అనిపిస్తుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. టెర్రాఫామ్‌కి రిసోర్స్ (అది చూసుకునే ఒక్కో వస్తువు, ఇక్కడ రిపో) గుర్తు ఫర్_ఈచ్ కీ, అంటే ఇక్కడ ఫైలు పేరు. కీ మారితే దాని లెక్కలో పాత రిపో పోయింది, కొత్త రిపో పుట్టింది. అంటే ‘పేమెంట్స్-ఏపీఐ’ని ‘బిల్లింగ్-ఏపీఐ’గా మార్చాలని ఫైలు పేరు మారిస్తే, ప్లాన్‌లో ఒక డిస్ట్రాయ్, ఒక క్రియేట్ వస్తాయి. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, స్టార్లు అన్నీ పాతదానితో పోయి, చేతికి ఖాళీ రిపో మిగులుతుంది. ఫైలు పేరును ఎప్పటికీ మార్చని కీగా ఉంచి, లోపలి ‘నేమ్’ ఒక్కటే మారిస్తే అదే పని మామూలు రీనేమ్‌గా జరుగుతుంది, పాత లింకులు కొత్త పేరుకి మళ్లుతాయి. ఖాళీ అయిన పాత పేరుతో మళ్లీ రిపో సృష్టిస్తే ఆ మళ్లింపు తెగిపోతుంది, కాబట్టి పాత పేరును తిరిగి వాడొద్దు. ఇప్పటికే పేరే కీగా పెట్టుకుని ఉంటే, కీ మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే పాత కీయే ఈ కొత్త కీ అని చెప్పే ‘మూవ్డ్’ బ్లాక్ రాయండి. ఫర్_ఈచ్‌కి బదులు ‘కౌంట్’తో లిస్టు తిప్పారా, ఇంకా ప్రమాదం. మధ్యలో ఒక పేరు తీసేస్తే దాని కిందివన్నీ ఒక్కో మెట్టు జరుగుతాయి, ప్లాన్ చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

మొదటి రోజే రెండు తాళాలు వేసుకోండి. ‘ఆర్కైవ్_ఆన్_డిస్ట్రాయ్’ నిజం అని పెడితే, తొలగించాల్సిన చోట రిపోని ఆర్కైవ్ చేసి వదిలేస్తుంది. లైఫ్‌సైకిల్ బ్లాక్‌లోని ‘ప్రివెంట్_డిస్ట్రాయ్’ రెండోది, డిస్ట్రాయ్ ఉన్న ప్లాన్‌ను అది ఆపేస్తుంది. దీన్ని మరీ నమ్ముకోవద్దు: కోడ్‌లోంచి రిసోర్స్ బ్లాక్ మొత్తం ఎత్తేస్తే ఆ తాళం కూడా దాంతోపాటే పోతుంది. ఇన్ని చేసినా రిపో నిజంగానే డిలీట్ అయితే సంస్థ ఓనర్లు 90 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ టీముల హక్కులు, రిలీజులకు జోడించిన ఫైళ్లు తిరిగి రావు.

ఇక ఉన్న రిపోలను టెర్రాఫామ్ స్టేట్‌లోకి (తను చూసుకునేవాటి లెక్క రాసుకునే ఫైల్లోకి) తేవడం. టెర్రాఫామ్ 1.5 నుంచి ‘ఇంపోర్ట్’ బ్లాక్ ఉంది, 1.7 నుంచి అందులోనూ ఫర్_ఈచ్ పనిచేస్తుంది, కాబట్టి నలభై రిపోలకి నలభై కమాండ్లు కొట్టే బాధ తప్పింది. రిపోకి ఐడీ దాని పేరే. బ్రాంచి ప్రొటెక్షన్‌కి రిపో పేరు, కోలన్, బ్రాంచి ప్యాటర్న్. రూల్‌సెట్‌కి (బ్రాంచి నియమాల కట్టకి) రిపో పేరు, కోలన్, రూల్‌సెట్ నంబరు.

ఇంపోర్ట్ అయ్యాక వచ్చే మొదటి ప్లాన్‌ను తీరిగ్గా కూర్చుని చదవాలి. ‘హ్యాజ్_ఇష్యూస్’, ‘హ్యాజ్_వికీ’ కోడ్‌లో రాయకపోతే అవి ఉన్నాయి కాబట్టి ఉంచుదాం అని ప్రొవైడర్ అనుకోదు, వద్దన్నారని తీసుకుంటుంది. అప్లై కొట్టగానే ఇష్యూస్ ట్యాబ్ మాయం. ఇష్యూలు చెరిగిపోవు, మళ్లీ ఆన్ చేస్తే వస్తాయి, కానీ ఈలోగా టీమ్ అంతా మీ డెస్క్ దగ్గరే ఉంటుంది. రాయని డిస్క్రిప్షన్, హోమ్‌పేజీ లింకు ఖాళీ అవుతాయి. మెర్జ్ కమిట్, రీబేస్, స్క్వాష్ మూడింటికీ డిఫాల్ట్ ‘సరే’ కాబట్టి, ఎవరో చేత్తో ఆపిన రీబేస్ మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే పద్ధతి ఇది: ముందు కోడ్‌ను వాస్తవానికి సరిపోల్చండి, వాస్తవం ఎంత అసహ్యంగా ఉన్నా సరే. ఇంపోర్టులు తప్ప యాడ్ సున్నా, చేంజ్ సున్నా, డిస్ట్రాయ్ సున్నా అని ప్లాన్ అన్నాకే అప్లై. విధానాలు బాగుచేయడం ఆ తర్వాత వేరే పుల్ రిక్వెస్టుల్లో. రెండూ కలిపితే ఏ తేడా పొరపాటో, ఏ తేడా కావాలని చేసిందో ఎవరికీ అంతుపట్టదు.

బ్రాంచి రక్షణకి దారులు రెండు: పాత బ్రాంచి ప్రొటెక్షన్, 2023లో అందరికీ వచ్చిన రూల్‌సెట్లు. కొత్తగా మొదలెడుతుంటే రూల్‌సెట్లే తీసుకోండి. ఒకే బ్రాంచి మీద నాలుగు రూల్‌సెట్లున్నా అన్నీ కలిసి వర్తిస్తాయి, కఠినమైనదే నెగ్గుతుంది. పాత పద్ధతిలో ఒక బ్రాంచికి ఒకే రూలు అంటుకుంటుంది. ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపోలకి ఈ రెండూ దొరకవు. ప్లాన్ పచ్చగా వచ్చి అప్లైలో 403 కనిపిస్తే కారణం అదే అయివుంటుంది.

రూల్‌సెట్‌లో ఎక్కువ గొడవ తెచ్చేది తప్పనిసరి చెక్‌లు (మెర్జ్‌కి ముందు పాసవ్వాల్సిన పరీక్షలు). అక్కడ మీరు రాసేది ఒట్టి పేరు మాత్రమే. ఆ పేరుతో చెక్ నిజంగా ఉందా అని ఎవరూ చూడరు. మ్యాట్రిక్స్‌లో (ఒకే జాబ్‌ను వేర్వేరు వెర్షన్లతో నడిపే జాబితాలో) పైథాన్ 3.11ను 3.12 చేస్తే జాబ్ పేరు మారిపోతుంది, పాత పేరు కోసం ప్రతి పుల్ రిక్వెస్టూ పడిగాపులు కాస్తుంది. పాత్ ఫిల్టర్ (ఫలానా ఫైళ్లు మారితేనే నడవమనే షరతు) వల్ల వర్క్‌ఫ్లో (తనంతట తాను నడిచే జాబ్‌ల వరుస) మొదలవకపోయినా అదే గతి, చెక్ ‘పెండింగ్’లోనే ఉండిపోతుంది. వర్క్‌ఫ్లో నడిచి లోపలి జాబ్ షరతు వల్ల స్కిప్ అయితే మాత్రం పాస్ కింద లెక్క.

మందు ఏమిటంటే, మిగతా జాబ్‌లన్నిటినీ ‘నీడ్స్’లో (ఇవి ముగిశాకే నడవాలి అనే జాబితాలో) పెట్టుకున్న చివరి జాబ్ ఒకటి రాసి, దానికి ‘సీఐ-ఓకే’ లాంటి మారని పేరిచ్చి, దాన్నొక్కదాన్నే తప్పనిసరి చేయడం. ఆ వర్క్‌ఫ్లోకి పాత్ ఫిల్టర్ పెట్టొద్దు. జాబ్‌కి ‘ఇఫ్: ఆల్వేస్’ మరిచిపోవద్దు. మరిస్తే ముందరి జాబ్ ఫెయిలైనప్పుడు ఇది స్కిప్ అవుతుంది, స్కిప్ అంటే పాస్ కాబట్టి ఫెయిలైన కోడ్ దర్జాగా మెర్జ్ అవుతుంది. లోపల ముందరి జాబ్‌లలో ఏ ఒక్కటి ‘ఫెయిల్యూర్’ లేదా ‘క్యాన్సిల్డ్’ అయినా తప్పుతో ముగియాలి. ఇంకోటి, రైట్ హక్కున్నవారెవరైనా అదే పేరుతో కమిట్ స్టేటస్ పంపగలరు. రూల్‌సెట్‌లో చెక్ పక్కన ఇంటిగ్రేషన్ ఐడీ 15368 ఇస్తే, ఈ వర్క్‌ఫ్లోలను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ నుంచి వచ్చినదే చెల్లుతుంది.

టోకెన్ సంగతి. వర్క్‌ఫ్లోలో వచ్చే మామూలు గిట్‌హబ్ టోకెన్‌తో ఈ పని జరగదు, దానికి అడ్మినిస్ట్రేషన్ హక్కే లేదు. ఒక మనిషి పర్సనల్ టోకెన్ వాడితే అతను కంపెనీ మారిన రోజు అన్నీ ఆగుతాయి. గిట్‌హబ్ యాప్ చేసుకోవాలి, వీలైతే రెండు. ప్లాన్ అంటే చదవడమేగా, ఏం ప్రమాదం అనుకుంటారు. ప్లాన్ దశలోనే ‘ఎక్స్‌టర్నల్’ డేటా సోర్స్ ఏ ప్రోగ్రామునైనా నడపగలదు. అడ్మిన్ తాళంచెవితో పుల్ రిక్వెస్టుల మీద ప్లాన్ నడిపితే, బ్రాంచి తెరవగలిగిన ఎవరైనా ఆ తాళంచెవి పట్టుకుపోవచ్చు. అందుకే పుల్ రిక్వెస్టులకు చదివే హక్కున్న యాప్. రాసే యాప్ కీ మెయిన్ బ్రాంచికే పరిమితమైన ఎన్విరాన్‌మెంట్‌లో (రహస్యాలు విడిగా దాచే చోట). చిన్న తలనొప్పి ఒకటి మిగులుతుంది: రూల్‌సెట్‌ను దాటగలిగేవారి జాబితాను రాసే హక్కున్నవారికే ఏపీఐ చూపిస్తుంది, కాబట్టి చదివే యాప్ తీసిన ప్లాన్‌లో అక్కడ దొంగ తేడా కనబడుతుంది. మెయిన్ మీద తీసి, ఫైల్లో దాచి, అదే ఫైలుతో అప్లై చేసే ప్లానే అసలుది.

స్టేట్ ఫైల్లో రహస్యాలు ఉన్నవున్నట్టే ఉంటాయి. యాక్షన్స్ సీక్రెట్లను ‘ప్లెయిన్‌టెక్స్ట్_వాల్యూ’తో టెర్రాఫామ్‌లో పెట్టొద్దు, వాటికి వేరే దారి చూసుకోండి.

రిపోలు రెండు వందలు దాటితే ప్లాన్ నెమ్మదిస్తుంది. యాప్‌కి గంటకి కనీసం 5,000 రిక్వెస్టుల కోటా ఉంటుంది, ఒక్కో రిపోకి అయిదారు రిసోర్సులుంటే మూడు నాలుగు ప్లాన్లకే అది కరిగిపోతుంది. రాసే పనుల మధ్య ప్రొవైడర్ ఒక్కో సెకను ఆగుతుంది కూడా. దాన్ని తగ్గిస్తే గిట్‌హబ్ రెండో రకం పరిమితి తగిలి ఇంకా ఆలస్యమవుతుంది, అలాగే వదిలేయండి. టీమ్ వారీగా స్టేట్‌ను విడగొడితే మేలు.

చేత్తో చేసిన మార్పులు పట్టుకోవడానికి రోజూ పొద్దున ‘డిటెయిల్డ్-ఎగ్జిట్‌కోడ్’తో ప్లాన్ నడపండి. 0 అంటే తేడా లేదు, 1 అంటే ప్లానే ఫెయిలైంది, 2 అంటే ఎవరో చెయ్యి పెట్టారు. షెడ్యూల్ సమయం యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక) రాయాల్సి వస్తే మన ఉదయం ఏడింటికి 1:30 అని రాయాలి.

ఈ ప్లాన్‌కి తన స్టేట్‌లో ఉన్నదే లోకం. చేత్తో సృష్టించిన కొత్త రిపో దానికి కనబడదు. సంస్థలోని రిపోల జాబితాను విడిగా తీసి యామల్ ఫైళ్లతో పోల్చుకోవాలి. మనుషుల విషయమూ అంతే. ఒక్కొక్కరికీ విడివిడిగా ‘కొలాబరేటర్’ రిసోర్స్ రాస్తే, రాయనివాళ్ల ఊసే ఎత్తదు. బహువచనం రిసోర్స్, ‘రిపోజిటరీ_కొలాబరేటర్స్’, అయితే జాబితాలో లేనివాళ్లందరినీ తీసేస్తానంటుంది. దీనితోపాటు ‘టీమ్_రిపోజిటరీ’ కూడా ఉంచితే ఒకటి పెట్టింది ఇంకోటి తీస్తూ ప్రతి ప్లాన్‌లోనూ కొట్టుకుంటాయి, ఏదో ఒకటే ఉంచండి. వెళ్లిపోయిన ఆ కాంట్రాక్టరు పేరు ప్లాన్‌లో మైనస్ గుర్తుతో బయటపడేది బహువచనం వాడినప్పుడే.