కూలెంట్ ఎటు పోతోందో దొరికింది
మా పాత డీజిల్ కారుకి రెండు వారాలకోసారి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోంది, కింద ఆయిల్ కూడా కారుతోంది, మెకానిక్ అన్న చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమో తమ్ముడూ అనేసరికి గుండె జారిపోయింది. కానీ అది పోతే మామూలుగా కనిపించే గుర్తులు, ఆయిల్ చూసే డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు, సైలెన్సర్‌లో తెల్ల పొగ, రెండూ లేవు, అందుకే హెడ్ విప్పొద్దన్నా. రాత్రి కింద అట్టముక్క పరిచా, పొద్దున చూస్తే నల్లటి ఆయిల్ మరక పక్కనే ఆకుపచ్చ కూలెంట్ చుక్కలు, రెండూ ఒకే చోట! ఇంజిన్ కడిగించి, చల్లారాక రేడియేటర్‌కి 1 బార్ ప్రెజర్ పెట్టి టార్చ్ వేస్తే, ఆయిల్ ఫిల్టర్ వెనకాల, కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ అంచున చెమట పట్టినట్టు సన్నగా ఊరుతోంది. ఆయిలూ కూలెంటూ రెండూ దాంట్లోంచే పోతాయి కదా, ఏళ్ళ వేడికి రబ్బరు సీళ్ళు పెళుసెక్కిపోయాయి, గోటితో నొక్కితే విరిగాయి. కొత్త సీళ్ళు వేయించి నెల రోజులైంది, కూలెంట్ గీత మీదే ఉంది.