చంద్రుడి దారిలో రన్నింగ్ రూమ్

గేట్‌వే అంటే అమెరికా, మరికొన్ని దేశాలు కలిసి చంద్రుడి చుట్టూ తిరిగేలా కట్టాలనుకున్న చిన్న అంతరిక్ష కేంద్రం. దాని గురించి చెప్పగానే మా అసిస్టెంట్ లోకో పైలట్ అడిగిన మొదటి మాట: "చంద్రుడి మీదకి ఎల్లేవాళ్లు తిన్నగా దిగిపోవచ్చు కదా సార్, మధ్యలో ఈ ఆగడం ఏటి? అపోలో వాళ్లు దిగలేదా?" పార్వతీపురం కుర్రాడు, చురుకైనవాడు. రాయగడ నుంచి గూడ్స్ తీసుకొచ్చి కోరాపుట్‌లో సైన్ ఆఫ్ చేసి, రైలు నడిపేవాళ్లు డ్యూటీల మధ్య ఆగి పడుకునే రన్నింగ్ రూమ్‌లో డాల్మాతో అన్నం తింటున్నాం.

అపోలో వాళ్లూ తిన్నగా దిగలేదు. 1969లో ఇద్దరు కిందికి దిగితే, మైకేల్ కాలిన్స్ సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున ఒంటరిగా తిరుగుతూ ఉండిపోయాడు. చుట్టు తిరిగిన ప్రతిసారీ చంద్రుడి అవతలివైపు వెళ్లి, దాదాపు ముప్పావుగంట భూమితో మాట లేకుండా ఉండేవాడు. పైన ఒకరు కనిపెట్టుకుని ఉండడం అప్పుడూ తప్పలేదు.

గేట్‌వే కోసం ఎంచుకున్న దారి నాకు ఎంతగానో నచ్చింది. బాగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారం. ఒక చుట్టుకి ఆరున్నర రోజులు పడుతుంది. చంద్రుడి ఉత్తర ధ్రువం దగ్గర సుమారు 3,000 కిలోమీటర్లకు వస్తుంది, దక్షిణం వైపు 70,000 కిలోమీటర్ల దూరం పోతుంది. చంద్రుడు అడ్డురాడు కాబట్టి భూమి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. మంచు ఉన్న దక్షిణ ధ్రువం మీద పనిచేసేవాళ్లకు కూడా ఎక్కువసేపు సిగ్నల్ అందుతుంది. మనుషుల్ని తీసుకెళ్లే ఓరియన్ నౌకలో ఉన్న ఇంధనంతో చంద్రుడికి బాగా దగ్గరి కక్ష్యలోకి వెళ్లి తిరిగి రావడం కుదరదు. ఈ కక్ష్య దాకా అయితే వెళ్లి రావచ్చు. అక్కడ నిలబడడానికి ఇంధనం ఎంత తక్కువ చాలుతుందో పరీక్షించడానికి 2022 జూన్‌లో న్యూజిలాండ్ నుంచి క్యాప్‌స్టోన్ అనే 25 కిలోల చిన్న ఉపగ్రహాన్ని పంపారు. నవంబరులో అది ఆ కక్ష్యలోకి చేరింది.

గేట్‌వేకి నలుగురు వెళ్లి నెల రోజులు ఉండాలన్నది ప్రణాళిక. మిగతా ఏడాదిలో చాలా భాగం అది ఖాళీ. చాలామంది దీన్నే లోపంగా చూపిస్తారు. రైలు నడిపే మా రన్నింగ్ స్టాఫ్‌కి మాత్రం ఇది వింతగా ఉండదు. రాత్రి రెండింటికి చేరినా మంచం మీద ఉతికిన దుప్పటి ఉంటుంది, తాగడానికి నీళ్లుంటాయి, వంటాయన లేచి వచ్చి ఆకలేస్తోందా అని ఒడియాలో అడుగుతాడు. మేం లేని గంటల్లో ఎవరో చూసుకోబట్టే మాకు ఆ గది పనికొస్తోంది.

గేట్‌వేలో ఆ ఎవరో ఉండరు. గాలి, వేడి, కరెంటు సాఫ్ట్‌వేరే చూసుకోవాలి. కెనడా వాళ్ల రోబో చెయ్యి కెనడార్మ్3 తనంతట తాను కదిలి బయటి మరమ్మతులు చేయాలి. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తునే ఉంది, ఇబ్బందొస్తే గంటల్లో కిందికి దిగొచ్చు. గేట్‌వే నుంచి ఇంటికి రావాలంటే రోజులు పడుతుంది. భూమి అయస్కాంత కవచం అంత దూరం రాదు కాబట్టి మొదట వెళ్లే పరికరాల్లో రేడియేషన్‌ని కొలిచేవి ఉన్నాయి. మనుషులు అక్కడ నెల రోజులు ఎలా ఉంటారన్నది నాకు చంద్రుడి మీద దిగడం కంటే పెద్ద ప్రశ్న.

గేట్‌వేలో హాలో అనే నివాస గది చట్రం ఇటలీలోని ట్యూరిన్‌లో తయారై 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనా చేరింది. ఆ మరుసటి నెలలోనే అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదనలో మొత్తం గేట్‌వేనే ఆపేద్దామన్నారు. జూలైలో అక్కడి పార్లమెంటు చట్టం చేసి దానికి 260 కోట్ల డాలర్లు కేటాయించింది. చంద్రుడి మీదే స్థావరం కడితే చాలదా అనేవాళ్ల వాదనలోనూ బలం ఉంది, డబ్బు ఎక్కడైనా లెక్కే. అయినా యూరప్, జపాన్, కెనడా, ఎమిరేట్స్ తలా ఒక భాగం చేస్తామని చేతులు కలిపిన పనిని మధ్యలో వదిలేస్తే, మళ్లీ అలా కలుపుకురావడం ఎంత కష్టమో ఆలోచించాలి.

మన దేశం ఇందులో లేదు. 2035కల్లా మన సొంత స్టేషన్, 2040కల్లా చంద్రుడి మీద మనిషి అని లక్ష్యం పెట్టుకుంది. 2025 జనవరిలో ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ అంతరిక్షంలో ఒకదానికొకటి అతుక్కున్న వార్త చూసి ఆ రోజు మేం డ్యూటీ ఎక్కే లాబీలో అందరికీ చెప్పాను. ఇలా అతుక్కోవడాన్నే డాకింగ్ అంటారు, దానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. మన స్టేషన్ ద్వారాల్లో ఒక్కటైనా ఆ కొలతకే చేయాలని నా కోరిక. ఏ దేశం నౌకైనా, ఏ రాత్రైనా, దారిలో కష్టమొస్తే మన దగ్గర ఆగగలగాలి.